వలందుల కోటలో ఒక వానరోజు

రేపల్లె దాటి సముద్రం వైపు కరకట్ట మీదుగా వెళ్తే ఇప్పుడు మీకు కోట ఏదీ కనపడదు. రెండు వైపులా రొయ్యల చెరువులు, నీళ్ళు చిలికే చక్రాలు, కాపలా పాకలు కనపడతాయి. అక్కడొక కోట ఉండేదని నేను చెబితే, మా పురావస్తు శాఖలో కొత్తగా చేరినవాళ్ళు మర్యాదగా వింటారు. పెద్దాయన ఏదో చెబుతున్నాడులే అన్నట్టుంటుంది ఆ వినడం. తప్పని నేననను. ఆ వయసులో మేమూ మా పెద్దవాళ్ళ మాటలు అలాగే విన్నాం.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. పాత కట్టడాలకు కొలతలు తీసి కాగితం మీద గీయడం నా పని. నేను గీసినవాటిలో చాలా వరకు ఇంకా నిలబడే ఉన్నాయి. నిలబడ్డవాటి గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా కబుర్లు లేవు. పడిపోయినదాని గురించే చెబుతాను.

మాది కొలకలూరు. కాపురం తెనాలిలో, ఆఫీసు బాపట్లలో. ఆఫీసంటే రెండు గదుల అద్దె ఇల్లు. వాన పడితే మా గది కూడా కారేది. పాత కట్టడాలను కాపాడే శాఖకి కారే కప్పు ఉండటం చూసి వచ్చినవాళ్ళంతా ఒకసారి నవ్వేవాళ్ళు. మా అధికారి మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. ఆయన అప్పటికి యాభై దాటిన మనిషి. పాత కట్టడంలో అడుగు పెట్టేముందు చెప్పులు బయట విడిచేవారు. గుడైనా, మసీదైనా, ఎప్పటిదో మందుగుండు కొట్టయినా సరే. గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాకే ఏదైనా మాట్లాడేవారు. మొదట్లో నాకదంతా నాటకంలా అనిపించేది. కొన్నాళ్ళకి నేనూ చెప్పులు విడవడం మొదలుపెట్టాను.

ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన కట్టడం ఈ వలందుల కోట. డచ్చివాళ్ళను మన పెద్దలు వలందులనేవారు. మూడు వందల ఏళ్ళ కిందట వాళ్ళు ఇక్కడి బట్టలు కొని ఓడలకెక్కించడానికి కట్టుకున్న గిడ్డంగి అది. తర్వాత భయం పుట్టి చుట్టూ గోడ లేపి, ఒక మూల బురుజు కట్టి కోట అనుకున్నారు. గోల్కొండలాంటిది ఊహించుకోకండి. మన వైపు పెద్ద రైసుమిల్లు ఎంతుంటుందో అంతే ఉండేది. మధ్యలో సున్నం, ఇటుకలతో కట్టిన పొడవైన కమాను గది. ఒకప్పుడు బట్టల మూటలు దాచిన గది. ఎండాకాలంలో లోపల అడుగుపెడితే చల్లగా ప్రాణం లేచొచ్చేది.

కోట పక్కనే చేపలు పట్టేవాళ్ళ పాలెం. ఉప్పెన వచ్చిన ఏడాది పాలెంలో ఇళ్ళన్నీ కొట్టుకుపోతే, ఆ కమాను గది కప్పు మీదకి ఎక్కగలిగినవాళ్ళు ఎక్కి బతికారు. అందుకని ఆ కోటని వాళ్ళు పరాయివాడి కట్టడంగా ఎప్పుడూ చూడలేదు. వేటకి వెళ్ళేముందు కొందరు గోడకి పసుపు రాసేవాళ్ళు. క్రిస్మస్ నాడు కొందరు గూళ్ళలో కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు. మా రూల్స్ ప్రకారం రెండూ తప్పే. మా అధికారి రెండింటినీ చూసీచూడనట్టు వదిలేసేవారు.

ఇక టీచరుగారి గురించి చెప్పాలి. ఆవిడ రేపల్లెలో ఒక మిషన్ బడిలో సోషల్ చెప్పేవారు. లూథరన్ కుటుంబం. చిన్నప్పటి నుంచీ చర్చిలో పాటలు పాడిన గొంతు, మైకు అవసరం లేని గొంతు. ఏటా పిల్లల్ని ఆ కోటకి నడిపించుకొచ్చి, గోడల నీడన కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు. ఒకసారి మేము కొలతలు తీస్తుంటే మా అధికారి దగ్గరికి నేరుగా వచ్చారు.

"సార్, ఏడాదికొకసారి ఇక్కడ కోట పండగ చేద్దామండి. పిల్లలతో నాటకం వేయిస్తాను. ఊళ్ళవాళ్ళని పిలుద్దాం."

"జనం ఎక్కువగా రావడం కట్టడానికి మంచిది కాదమ్మా," అన్నారాయన.

"జనం రాని కట్టడాన్ని గవర్నమెంటు ఎందుకు కాపాడుద్దండీ?"

చివరికి ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు ఇద్దరూ నిజమే మాట్లాడారు. ఈ ఉద్యోగంలో వచ్చే చిక్కులన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. ఒకరిది అబద్ధమైతే పని తేలికయ్యేది.

పండగ మొదలైంది. ఎనభైల చివర్లో మొదటిసారి చేసినప్పుడు బడి పిల్లలు, పాలెంవాళ్ళు, మేము తప్ప ఎవరూ లేరు. మరుసటేటికి బాపట్ల కాలేజీ నుంచి జనం వచ్చారు. ఆ తర్వాత భట్టిప్రోలు, తెనాలి నుంచి కూడా. టీచరుగారు తనే రాసిన నాటకం వేయించేవారు. వలందు దొర నేతగాళ్ళతో బేరమాడటం, వాళ్ళు వాడి భాష వాడికే తిప్పికొట్టడం అందులో కథ. దొర వేషం పాలెంలో వలలు అల్లే ఒకాయన వేసేవాడు. తాటాకు టోపీ, దూది మీసం. అతను నోరు విప్పకముందే జనం నవ్వేవాళ్ళు. మా అధికారి ముందు వరసలో పిల్లల మధ్య కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం నేను అక్కడే చూశాను. ఆఫీసులో ఎప్పుడూ చూడలేదు.

తొంభైల మొదట్లో రొయ్యలొచ్చాయి. ఉప్పు నేలకి ఒక్కసారిగా విలువొచ్చింది. కోటకి ఆనుకుని ఒక ఆసామి చెరువు తవ్వించాడు. అడ్డుకోవడానికి మా అధికారి తిరగని ఆఫీసు లేదు. శాఖ కాపాడాల్సిన కట్టడాల లిస్టులో కోట ఇంకా ఎక్కలేదు కాబట్టి పక్కన ఎవరేం తవ్వుకున్నా మనకి హక్కు లేదన్నారు పైవాళ్ళు. ఏడాది తిరక్కుండానే చెరువు నీరు పునాదుల్లోకి ఊరింది. కమాను గది నడినెత్తిన పగులు కనపడింది.

పగులు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి మేమొక పని చేస్తాం. దానికి అడ్డంగా పల్చటి గాజు పలక అతికిస్తాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది, అంతే. నేను అతికించిన మొదటి పలక చాలా రోజులు నిలిచింది. తర్వాత అది విరిగింది. రెండోది అంతకంటే త్వరగా విరిగింది. మూడోది అతికిస్తుంటే నిచ్చెన కింద నిలబడ్డ మా అధికారి, "ఇది విరక్కపోతే బాగుండునయ్యా," అన్నారు, పలకదే తప్పన్నట్టు.

మరమ్మతుకి మంజూరు అడిగాం. రాలేదు. విచిత్రమేంటంటే ఉత్సవానికి మాత్రం వచ్చింది. మా కోట పండగ గురించి ఎవరో పైన చెప్పారట, ఆ ఏడు దాన్ని ఘనంగా చేయమన్నారు. హైదరాబాదు నుంచి మా శాఖ పెద్దాయన వస్తారన్నారు. ఆయన చూసి మెచ్చుకుంటే కోట లిస్టులోకి ఎక్కుతుందని, ఎక్కితే మరమ్మతు దానంతటదే వస్తుందని మా అధికారి ఆశ. ఎప్పుడూ మాఘంలో చేసే పండగని ఆ పెద్దాయన వీలుని బట్టి ఆశ్వయుజానికి జరిపారు.

టీచరుగారికి అది నచ్చలేదు. "ఆ నెలలో వాన పడిద్ది సార్. పిల్లలు తడుస్తారు."

"ఆయనకి ఆ ఒక్కరోజే ఖాళీ అమ్మా. ఈ ఒక్కసారికి సర్దుకుందాం."

"గది సంగతేంటండీ మరి?"

"లోపలికి ఎవర్నీ పోనివ్వం. తాడు కట్టిస్తాను."

తాటి మొద్దులు తెప్పించి కమానుకి లోపల ఆనింపులు పెట్టించారు. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టాం. ప్రమాదం అని నేనే పెద్ద అక్షరాలతో బోర్డు రాశాను. షామియానాలు చెరువు ఆసామి పంపాడు. వద్దందామని నేనంటే, "ఎవరిదైతేనేం, నీడ నీడే కదా," అన్నారు మా అధికారి. కోట నిలవాలంటే అందరితో మంచిగా ఉండాలని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని అప్పుడు నాకూ తోచలేదు.

పండగ రోజు పొద్దున ఎండ కాసింది. జనం మేమనుకున్నదానికంటే ఎక్కువ వచ్చారు. బుడగలవాళ్ళు, జీళ్ళవాళ్ళు కూడా దిగారు. పిల్లలు మొహాలకి రంగు పూసుకుని తయారయ్యారు. పెద్దాయన మాత్రం రాలేదు. బయల్దేరారన్నారు, రేపల్లె వచ్చారన్నారు, బంగళాలో భోజనం చేస్తున్నారన్నారు. ఆయన వచ్చేదాకా నాటకం మొదలుపెట్టొద్దని కబురు. మధ్యాహ్నం దాటింది. సముద్రం మీద నుంచి మబ్బు లేచింది.

వాన చుక్కలుగా మొదలు కాలేదు. ఒక్కసారే కుమ్మరించింది. గాలికి షామియానా గుంజలు లేచి గుడ్డ జనం మీద పడింది. అంతమందికీ తలదాచుకోవడానికి ఆ చుట్టుపక్కల ఒకటే చోటు. తాడు ఎవరు తెంపారో తెలియదు. నేను గుమ్మం దగ్గరికి చేరేసరికి కమాను గది నిండిపోయింది. ఆడవాళ్ళు, పసిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు, వేషాలేసుకున్న బడి పిల్లలు. కొందరు తాటి మొద్దులకి వీపు ఆనించి నిలబడ్డారు. నవ్వుకుంటున్నారు కూడా.

నేను తలెత్తి చూశాను. గాజు పలక రెండు ముక్కలై ఉంది. పొద్దున అది బాగానే ఉంది, నా కళ్ళతో చూశాను. నేను చూస్తుండగానే ఒక ముక్క ఊడి కింద పడింది. ఆ గోలలో చప్పుడు ఎవరికీ వినపడలేదు.

మా అధికారికి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. గుమ్మంలో నిలబడి అరిచారు. "అందరూ బయటికి రండి! గది పడిపోతుంది! దయచేసి రండి!"

లోపలి నుంచి పాలెం పెద్ద నవ్వుతూ అన్నాడు. "ఉప్పెనకే పడంది వానకి పడిద్దా సారూ? మీరే లోపలికి రండి, తడిసిపోతన్నారు."

చుట్టూ అందరూ అవునన్నారు. వాళ్ళ ప్రాణాలు నిలబెట్టిన గది అది. దాన్ని నమ్మొద్దని చెప్పడానికి మేమెవరం? గట్టిగా అరిస్తే తొక్కిసలాట అవుతుంది. ఆనింపు మొద్దులు కదిలితే గది అక్కడికక్కడే దిగుతుంది. ఆ భయంతో మా అధికారి అరవడం మానేశారు.

అప్పుడు టీచరుగారు వచ్చారు. చీర మొత్తం తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నేను ఆవిడ చెవిలో గాజు విరిగిందని చెప్పాను. ఆవిడ ఒక్కసారి పైకి చూశారు. తర్వాత లోపలికి చూసి, బడిలో గంట కొట్టినట్టు పిలిచారు.

"నాటకం మొదలవుతోంది! పిల్లలూ, వేషాలవాళ్ళంతా బయటికి! వరసలో!"

"వానలోనా టీచర్?" అందొక పిల్ల.

"వానలోనే! దొరగారు వచ్చింది ఓడలో కదా, ఓడలో వాన పడదా? రండి, వరస తప్పొద్దు!"

పిల్లలకి ఆ గొంతంటే భయమూ, నమ్మకమూ. ఒకరి వెనక ఒకరు వచ్చేశారు. ఆవిడ వాళ్ళని బురుజు దాకా దూరంగా నడిపించి, నాటకానికొచ్చిన డప్పులవాళ్ళ వైపు తిరిగి, "కొట్టండయ్యా!" అన్నారు. తడిసిన డప్పు సరిగ్గా పలకదు. అయినా కొట్టారు. దొర వేషమతను బురదలోకి దిగాడు. దూది మీసం ఒక వైపు ఊడి గడ్డం దాకా జారింది. టోపీ ఎగిరిపోతుంటే దాని వెనక పరిగెత్తి జారి పడ్డాడు. మొదటిసారి నిజంగానే పడ్డాడనుకుంటాను. జనం నవ్వేసరికి టీచరుగారు అతని వైపు ఒక చూపు చూశారు. అంతే, అతనికి విషయం అర్థమైంది. లేవడం, పడటం, దొర భాషలో వానని తిట్టడం. లోపలివాళ్ళు మెడలు చాచారు. తల్లులు తమ పిల్లల్ని చూడ్డానికి ముందుకొచ్చారు. కొంగులు తలమీద కప్పుకుని, ఒకరొకరే, తొక్కిసలాట లేకుండా, నవ్వుకుంటూ గది ఖాళీ చేశారు.

నేనూ మా అధికారీ గుమ్మానికి చెరో పక్క నిలబడి వచ్చేవాళ్ళని వచ్చినట్టు దూరంగా పంపించాం. పాలెం పెద్ద కూడా బయటికొచ్చి, మా మొహాలు చూసి నవ్వడం మానేశాడు. "మాయమ్మ లోపలుంది," అన్నాడు.

ముసలామె గోడకి ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుని ఉంది. "నేను రాను బాబూ. ఆ నాటకం నేను చాలాసార్లు చూశాను," అంది. మేము ముగ్గురం లోపలికెళ్ళాం. పైనుంచి సున్నం పొడి రాలుతోంది. కొడుకు ఆమెని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఆమె కొడుకు వీపు మీద కొడుతూ తిడుతూనే ఉంది. బయటికొచ్చి ముందుకి నడిచాం. పరిగెత్తలేదు. పరిగెత్తాలని ఎందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు.

వెనక నుంచి చప్పుడు రావడానికి ముందు నేల వణికింది. తర్వాత పెద్ద నిట్టూర్పులాంటి శబ్దం. అంత వానలోనూ ఎర్రటి దుమ్ము లేచింది. డప్పు ఆగిపోయింది. దొర వేషమతను బురదలో మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. ఒక్కరికి కూడా గీత పడలేదు. ముసలామె కొడుకు చేతుల్లోంచి దిగి, కూలిన ఇటుకల వంక చూసి, సొంత మనిషి పోతే ఏడ్చినట్టు రాగం తీసి ఏడ్చింది. "మమ్మల్ని కాశావే తల్లీ, నిన్నెవరూ కాయలేదే," అంది.

మా అధికారి కాళ్ళకి చెప్పులు లేవు. ఇటుకల కుప్ప దాకా నడిచి, దాని మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయారు. నేను గొడుగు పట్టబోతే వద్దన్నారు.

పెద్దాయన ఆ రోజు రాలేదు. వార్త విని రేపల్లె నుంచే వెనక్కి వెళ్ళిపోయారు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. ప్రమాదమని తెలిసీ జనాన్ని ఎందుకు పోగు చేశారని విచారణ. ఎందరు బతికారో ఆ విచారణలో ఎవరూ అడగలేదు. పిల్లల్ని వానలో నిలబెట్టినందుకు టీచరుగారి నుంచి బడివాళ్ళు సంజాయిషీ తీసుకున్నారు. ఆ తర్వాత ఆవిడని నాటకాలు వేయించనివ్వలేదు. మిగిలిన గోడలూ ప్రమాదమేనని చెరువు ఆసామి అర్జీ పెట్టాడు. గోడలు గట్టిగా ఉన్నాయని, కనీసం బురుజైనా ఉంచమని మా అధికారి బతిమాలారు. పాలెం పెద్ద బాపట్ల దాకా వచ్చి, ఒక్క గోడ వదిలేయండి, దాని మొహం చూసుకుంటాం అన్నాడు. ఎవరూ వినలేదు. అన్నీ పడగొట్టారు. ఆ ఇటుకలు చెరువు గట్లకి పోయాయి. నేను గీసిన బొమ్మలు హైదరాబాదులో ఏ బీరువాలోనో ఉండే ఉంటాయి. బొమ్మల్లో ఎవరూ తలదాచుకోలేరు.

మా అధికారిని సీమకి బదిలీ చేశారు. వెళ్ళే రోజు స్టేషన్‌కి నేనొక్కణ్ణే వెళ్ళాను. బండి రాబోతుండగా, "పండగ వద్దని గట్టిగా అనుంటే ఆ గది ఇంకొన్నాళ్ళు ఉండేదేమోనయ్యా," అన్నారు.

"పండగ లేకపోతే ఆ గదిని పట్టించుకునేవాళ్ళే ఉండేవాళ్ళు కాదు సార్," అన్నాను.

"అదీ నిజమే," అన్నారాయన. ఆ నిజం ఆయనకేమీ సాయపడలేదు. ఆ తర్వాత ఆయన ఎంతో కాలం బతకలేదు.

కొన్నేళ్ళ తర్వాత, తొంభైల చివర్లో, రేపల్లెలో పని చూసుకుని తెనాలి బండెక్కితే ఎదురు సీట్లో టీచరుగారు కనపడ్డారు. రిటైరయ్యారట. కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. బాగా సన్నబడ్డారు. గొంతు మాత్రం అలాగే ఉంది.

"ఏం తమ్ముడూ, బాగున్నావా? పిల్లలు చదువుతున్నారా?"

పిల్లల గురించీ, ధరల గురించీ మాట్లాడుకున్నాం. కోట మాట ఇద్దరం ఎత్తలేదు. భట్టిప్రోలు దాటాక, ఏదో ఒకటి అనాలనిపించి అన్నాను. "ఆ రోజు మీరు లేకపోతే ఎంతమంది పోయేవాళ్ళో టీచరుగారూ."

బండి పెనుమర్రులో ఆగి కదిలింది.

"అందరూ ఇదే మాటంటారు తమ్ముడూ. పిల్లలు దక్కారు కదా, పోయింది పాత గోడలేగా అంటారు. దేవుడికి స్తోత్రం అంటాను నేను కూడా. నిజంగానే అంటాను. కానీ ఆ రెండూ దక్కాల్సినవే కదా. ఒకటి దక్కిందని రెండోదాని కోసం ఏడవకూడదంటే ఎట్లా? ఇన్నేళ్ళలో నన్నెవరూ ఏడవనివ్వలేదయ్యా."

నేను ఓదార్చడానికి ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడమే ఆ రోజు నేను చేసిన మంచి పని. ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, వేమూరు దాటేదాకా మెల్లగా ఏడ్చారు. నాకూ కళ్ళు నిండాయి. పక్క సీటువాళ్ళు మా ఇంట్లో ఎవరో పోయారనుకుని కాస్త సర్దుకుని చోటిచ్చారు.

వలందుల కోటకి జరిగిన సంతాపసభ అదొక్కటే. హాజరైంది మేమిద్దరమే.